మా జిల్లా పెద్దాసుపత్రిలో 22 రోజులు: నా రివ్యూ

2025 అక్టోబర్ 13 సోమవారం పొద్దున్న ఏడుంబావుకి మా నాన్నని ఆటోలోంచి దించేసరికే ఓపీ కౌంటర్ లైను మెట్లు దిగి సైకిల్ స్టాండ్ దాకా వచ్చేసింది. కౌంటర్ తెరిచేదేమో ఎనిమిదిన్నరకి. నాన్న కుడికాలికి పాత పంచె గుడ్డ చుట్టి ఉంది, కాలు కింద పెట్టలేకపోతున్నాడు, కూర్చోబెడదామంటే ఉన్న నాలుగు బెంచీలూ నిండిపోయాయి, చివరికి చెట్టు కింద గట్టు మీద కూర్చోబెట్టి నేను లైన్లో నిలబడ్డాను.

ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాయట్లేదు. కోస్తాలో ఒక జిల్లా హెడ్‌క్వార్టర్స్, కొన్నేళ్ళ కిందటి దాకా జిల్లా ఆసుపత్రి, ఇప్పుడు మెడికల్ కాలేజీకి కలిపారు కాబట్టి జీజీహెచ్ (గవర్నమెంట్ జనరల్ హాస్పిటల్) అంటున్నారు, ఊళ్ళో మాత్రం అందరూ పెద్దాసుపత్రే అంటారు. మా నాన్న కాలు కాపాడినవాళ్ళు ఇంకా అక్కడే పని చేస్తున్నారు, మేం ఇంకా డ్రెస్సింగ్‌కి వెళ్తున్నాం, నేను రాసే లోపాలకి వాళ్ళని ఎవరూ పిలిచి అడగకూడదు, అందుకే. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, బాగున్నదీ బాగోలేనిదీ, ఎవరైనా వెళ్ళాల్సి వస్తే పనికొస్తుంది.

ముందు అసలు ఎందుకు వెళ్ళామో చెప్పాలి, ఎందుకంటే ఆ లైన్లో సగం మంది కథ మా కథ లాంటిదే.

2021 మే నెలలో నాన్నకి కోవిడ్ వచ్చింది. ఆ రోజుల్లోనే తిరుపతి రుయా గవర్నమెంటు ఆసుపత్రిలో ఆక్సిజన్ అందడం ఆలస్యమై 11 మంది పోయారని టీవీలో చూసి, గవర్నమెంటు ఆసుపత్రికి పంపడానికి అమ్మ అస్సలు ఒప్పుకోలేదు, పంపుదామన్నా ఎక్కడా ఆక్సిజన్ బెడ్ దొరకలేదు కూడా. ప్రైవేటులో ఆరోగ్యశ్రీ కింద బెడ్లు లేవు, క్యాష్ అయితే ఒకటుంది అన్నారు. 11 రోజులకి 4 లక్షల 60 వేలు అయింది. మందులు బయట కొన్నవి ఇందులో లెక్కేయలేదు. అరెకరం అమ్మేశాం, నా గొలుసూ అమ్మ గాజులూ తాకట్టు పెట్టాం, గాజులు ఇప్పటికీ విడిపించలేదు. నాన్న బతికాడు, దానికి ఆ డాక్టర్లకి దండం పెడతాను. కానీ అప్పుడు ఇచ్చిన స్టెరాయిడ్లకి, అంతకుముందు అంచు మీద ఉన్న షుగర్ పైకి ఎక్కి మళ్ళీ కిందకి దిగలేదు. ఆ తర్వాత రెండేళ్ళు ఆయన మందులు ఒక నెల వేసుకుంటే ఒక నెల మానేసేవాడు, డబ్బుల్లేక కొంత, ఆసుపత్రి పేరెత్తితేనే భయం పట్టుకుని కొంత.

2025 ఆగస్టులో చెప్పు పట్టీ ఒరుసుకుని బొటనవేలి పక్కన చిన్న పుండు పడింది. షుగర్ వల్ల కాలికి స్పర్శ లేదు కాబట్టి ఆయనకి తెలియలేదు. మా ఊరి ఆర్‌ఎంపీ గారు నెల రోజులు కట్టు కట్టి ఇంజెక్షన్లు చేశారు. పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వెళ్దామంటే సెప్టెంబర్ చివర్నుంచి పీహెచ్‌సీ డాక్టర్లు పీజీ ఇన్‌సర్వీస్ కోటా, అంటే ఉద్యోగంలో ఉన్న డాక్టర్లకి పీజీ సీట్లలో ఇచ్చే వాటా గురించి సమ్మెలో ఉన్నారు. వేలు నల్లబడ్డాక, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంది కదా, 2024లో పేరు మారినా అది పాత ఆరోగ్యశ్రీనే, దాంతో ప్రైవేటులో చూపిద్దాం అనుకుని బయల్దేరితే సరిగ్గా ఆ వారమే నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే ఆ కార్డు తీసుకునే ప్రైవేటు ఆసుపత్రులు, ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని కార్డు మీద వైద్యం ఆపేశాయి. రిసెప్షన్‌లో అమ్మాయి చాలా మర్యాదగానే చెప్పింది, "కార్డు ఇప్పుడు తీసుకోవట్లేదు మేడమ్, క్యాష్ అయితే లక్షన్నర దాకా అవుతుంది" అని. మా దగ్గర అమ్మడానికి ఇంక అరెకరాల్లేవు. అలా పెద్దాసుపత్రికి వచ్చాం.

డాక్టర్ల సమ్మె తప్పనీ, ప్రైవేటు వాళ్ళు బకాయిలు అడగడం తప్పనీ నేను అనను, చేసిన పనికి డబ్బు ఎవరైనా అడుగుతారు. కాకపోతే కింద పీహెచ్‌సీ తలుపు మూస్తే, పక్కన ప్రైవేటు తలుపు మూస్తే, జనం మొత్తం వచ్చి పడేది ఈ ఒక్క గేటు మీదే. ఆ సోమవారం నేను చూసిన లైను అదే.

ఓపీ చీటీ ఫ్రీ. గోడకి క్యూఆర్ కోడ్ అంటించారు, ఫోన్లో ఆభా (డిజిటల్ హెల్త్ ఐడీ) యాప్ పెట్టుకుని స్కాన్ చేస్తే టోకెన్ నంబర్ వస్తుంది, దాన్ని వేరే కౌంటర్లో చూపిస్తే చీటీ ఇచ్చేస్తారు. నిజంగా మంచి ఏర్పాటు, తెలిసినవాళ్ళకి పది నిమిషాల్లో పనైపోతుంది. నా ముందున్న మామ్మ దగ్గర బటన్ల ఫోన్ ఉంది, ఆధార్ కార్డు చెంగున ముడేసుకుని తెచ్చుకుంది, ఆధార్‌కి లింకైన నంబరు కొడుకు దగ్గరుందంట, ఆ కొడుకు హైదరాబాద్‌లో. అలాంటి వాళ్ళకి సాయం చేయడానికి పెట్టింది ఒకే ఒక్క అబ్బాయిని. ఆ అబ్బాయి పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా తాగినట్టు లేడు. నేను నా ఫోన్లోంచి చేతనైనంత మందికి తీసిచ్చాను, నన్ను చూసి ఇంకో ఇద్దరు కాలేజీ పిల్లలు కూడా మొదలెట్టారు.

ఇక్కడ ఒక సంగతి, కొత్తగా వెళ్ళేవాళ్ళకి ఎవరూ చెప్పనిది. సర్జరీలో యూనిట్లు ఉంటాయి, ఒక్కో యూనిట్‌కి వారంలో రెండు రోజులే ఓపీ. మొదటిసారి ఏ రోజు చూపిస్తే ఆ యూనిట్ డాక్టర్లే చివరిదాకా మీ డాక్టర్లు, తర్వాత వేరే రోజు వెళ్తే "మీ యూనిట్ రేపు" అని వెనక్కి పంపేస్తారు. మాది సోమ, గురువారాలు. చీటీ మీద యూనిట్ నంబరు చిన్న అక్షరాలతో ఉంటుంది, అది ఫొటో తీసి పెట్టుకోండి. మా పక్కన ఒకాయన 60 కిలోమీటర్లు బస్సులో వచ్చి ఈ విషయం తెలియక వెనక్కి వెళ్ళిపోయాడు, నా కళ్ళ ముందే.

పదకొండున్నరకి మా నంబరు పిలిచారు. గదిలో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, ఇద్దరు పీజీలు (పైచదువు చదివే డాక్టర్లు), ముగ్గురు హౌస్ సర్జన్లు (ఎంబీబీఎస్ చివర ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళు), ఒకే టేబుల్ చుట్టూ ఒకేసారి నలుగురు పేషెంట్లు. ఇంత హడావిడిలో ఏం చూస్తార్లే అనుకున్నాను, నిజం చెప్తున్నా. ఆ పీజీ మేడమ్ కట్టు విప్పి, వాసనకి మొహం తిప్పుకోకుండా కింద కూర్చుని, కాలు తన మోకాలి మీద పెట్టుకుని చూసింది. నెల రోజులుగా నాన్న కాలు దగ్గరికి మేం కూడా ఊపిరి బిగబట్టుకునే వెళ్తున్నాం. "ఏం తాతా, ఇన్ని రోజులు ఎందుకు ఆగావు" అని అడిగింది, తిట్టినట్టు కాకుండా బాధగా అడిగింది. నాన్న ఏం మాట్లాడలేదు. షుగర్ చూస్తే 388. ఎక్స్‌రేలో ఎముకకి కూడా పట్టిందన్నారు. అప్పటికప్పుడు అడ్మిట్ చేశారు.

మేల్ సర్జికల్ వార్డులో 36 మంచాలు. మేం వెళ్ళినరోజు 50 మందికి పైనే ఉన్నారు. మొదటి రెండు రాత్రులు నాన్నకి మంచాల మధ్య నేల మీద పరుపే, మూడోరోజు ఎవరో డిశ్చార్జి అయ్యాక మంచం దొరికింది. మంచం తల వైపు గోడలో ఆక్సిజన్ పైపు పాయింట్ ఉంది. ప్రతి మంచానికీ ఉంది. సెకండ్ వేవ్ తర్వాత వేశారంట, బయట కాంపౌండ్‌లో ఆక్సిజన్ ప్లాంటు షెడ్డు కూడా అప్పుడు కట్టిందే. నాలుగేళ్ళ కిందట ఆ ఒక్క పాయింట్ కోసం నేనూ మా తమ్ముడూ రెండు జిల్లాలకి ఫోన్లు చేశాం. ఆ రాత్రి దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పైపు వచ్చింది, మానిటర్లు వచ్చాయి, మంచాలు కూడా పెరిగాయి. వాటిని చూసుకునే మనుషులు మాత్రం అప్పటి కంటే తక్కువున్నారు.

ఇది నా ఊహ కాదు, అక్కడి సిస్టర్ చెప్పిందే. కోవిడ్‌లో ఈ వార్డులోకి కాంట్రాక్టు మీద చాలామంది నర్సుల్ని తీసుకున్నారంట, వేవ్ తగ్గాక వాళ్ళందరినీ పంపేశారంట, తన రూమ్‌మేట్ అలా పోయి ఇప్పుడు చెన్నైలో ప్రైవేటులో చేస్తోందంట. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు ఉండాలి, మామూలు ఆసుపత్రి అయితే ఐదుగురికి ఒకరు. మా వార్డులో రాత్రి పూట 50 మందికి ఇద్దరు. ఒక్కోరోజు ఒక్కరే. ఆ ఒక్కరే ఇంజెక్షన్లు చేయాలి, సెలైన్లు మార్చాలి, షుగర్లు చూడాలి, ఆపరేషన్ అయినవాళ్ళ బీపీ రాయాలి, కొత్త అడ్మిషన్ వస్తే కేస్ షీట్ తయారు చేయాలి, ఇవన్నీ అయ్యాక కంప్యూటర్లో కూడా ఎక్కించాలి. సెలైన్ అయిపోతే మనమే చూసుకుని వెళ్ళి పిలవాలి, రెండుసార్లు పిలిస్తే మూడోసారికి విసుక్కుంటారు. మొదట్లో నాకూ కోపం వచ్చింది. నాలుగైదు రాత్రులు ఆ స్టూలు మీద కూర్చుని ఆవిడ ఎన్నిసార్లు ఆ వార్డు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచిందో చూశాక ఇంక కోపం రాలేదు, సెలైన్ ఆపే చక్రం ఎలా తిప్పాలో అడిగి నేర్చుకున్నాను.

15వ తారీఖు నాన్న బొటనవేలు తీసేశారు. వెన్నుకి మత్తిచ్చి చేశారు, గంటలోపే అయిపోయింది. సంతకం పెట్టే ముందు అసిస్టెంట్ ప్రొఫెసర్ గారు నన్నూ తమ్ముణ్ణీ పక్కకి పిలిచి, ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించి, వేలు ఎందుకు తీయాలో, తీయకపోతే ఎక్కడిదాకా పాకుతుందో, తీశాక కూడా పుండు మానకపోతే ఏమవుతుందో మొత్తం చెప్పారు. ఐదు నిమిషాలే. కానీ 2021లో అంత డబ్బు కట్టిన చోట రోజుకోసారి అద్దం అవతల్నుంచి తప్ప ఎవరూ మాతో అంతసేపు మాట్లాడలేదు. తర్వాత రోజూ డ్రెస్సింగ్. కుళ్ళిన కండ కొంచెం కొంచెం తీస్తూ, సెలైన్‌తో కడిగి కట్టేవాళ్ళు. ఎక్కువగా హౌస్ సర్జన్ అబ్బాయే చేసేవాడు, మా స్కూల్లో టెన్త్ చదివే పిల్లల కంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడేమో, 30 గంటల డ్యూటీ మధ్యలో వచ్చి కూడా "తాతయ్యా ఇవాళ బాగుంది, ఎర్రగా ఉంది, ఎర్రగా ఉంటే మంచిది" అని చెప్పి వెళ్ళేవాడు. ఆ ఒక్క మాటకి నాన్న ఆ పూట అన్నం తినేవాడు.

వార్డులో 12 మంది దాకా షుగర్ కాళ్ళే. నేను లెక్కపెట్టాను. ఎందుకింతమంది అని పీజీ మేడమ్‌ని అడిగితే, ముందూ ఉండేవాళ్ళు కానీ ఇంత ముదిరాక వచ్చేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు అంది. లాక్‌డౌన్లో, ఆ తర్వాతా చెకప్‌లు మానేసినవాళ్ళు, మందులు ఆపేసినవాళ్ళు, నాన్నలాగా స్టెరాయిడ్ల తర్వాత షుగర్ ఎక్కినవాళ్ళు, అందరూ ఇప్పుడు కాళ్ళతో, కిడ్నీలతో వస్తున్నారంట. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2023లో ప్రచురించిన సర్వేలో దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని లెక్క తేలింది. టీబీ కూడా అంతే, 2019లో 24 లక్షల కేసులు నమోదైతే 2020లో 18 లక్షలకి పడిపోయాయి, రోగం తగ్గి కాదు, చూసేవాళ్ళూ చూపించుకునేవాళ్ళూ లేక. అప్పుడు కనపడకుండా పోయిన జబ్బులన్నీ గాల్లో కలిసిపోవు కదా, ఏదో ఒక రోజు ఏదో ఒక వార్డులోకి రావాల్సిందే.

ఇప్పుడు బాగోలేనివి.

బాత్రూములు. 50 మంది పేషెంట్లు, వాళ్ళ మనుషులు ఇంకో 50 మంది, అందరికీ కలిపి మూడు, అందులో ఒకదానికి గడియ లేదు. పొద్దున్న కడిగినప్పుడు బాగుంటాయి, పది దాటాక లోపలికి వెళ్ళలేం. కడిగే ఆవిడ రెండు వార్డులకి ఒక్కతే, ఔట్‌సోర్సింగ్, జీతం రెండు నెలలు ఆగిందని చెప్పింది. కాలికి పుండు ఉన్న మనిషిని ఆ తడి నేల మీద నడిపించాలంటే ప్రాణం పోయేది, ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసి తీసుకెళ్ళేవాళ్ళం. మేల్ వార్డు కాబట్టి రాత్రి ఆడవాళ్ళు ఉండకూడదంటారు, మరి మా తమ్ముడు రాలేని రోజుల్లో నేనే ఉండాలి, బతిమాలుకుని స్టూలు మీద కూర్చునేదాన్ని, కాసేపు నడుం వాల్చాలంటే వరండాలో చాప. పేషెంటు తాలూకు ఆడవాళ్ళకి తలుపు వేసుకుని పడుకునే గది ఒకటి కట్టమని ఎవరినైనా అడగాలనుంది నాకు, ఎవరిని అడగాలో తెలియలేదు.

స్ట్రెచర్. థియేటర్ రెండో అంతస్తులో, లిఫ్టు పని చేయడం లేదు, ర్యాంపు మీద తోసుకెళ్ళాలి. తోసినతను వంద అడిగాడు, ఇచ్చాను. తిరిగి తెచ్చినతను ఇంకో వంద. ఇది ఫ్రీ ఆసుపత్రి, అక్కడ ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదని బోర్డు ఆ ర్యాంపు పక్కనే ఉంది. ఇచ్చినందుకు తర్వాత నా మీద నాకే చిరాకేసింది, ఎందుకంటే నా వెనకాల వచ్చిన కూలి మనిషిని కూడా అంతే అడుగుతారు. ఇది తప్పు, మనుషులు తక్కువున్నారన్న మాటతో దీన్ని సర్దుకోలేం.

స్కాన్లు. కాళ్ళలో రక్తం ఎలా పారుతుందో చూడ్డానికి డాప్లర్ రాశారు. మెషీన్ ఉంది, కొత్తదే, రిపోర్టు రాసే రేడియాలజిస్టు ఒక్కరే, తొమ్మిది రోజుల తర్వాత డేట్ ఇచ్చారు. అంత ఆగడానికి లేదని బయట 2,800 పెట్టి తీయించాం. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు లోపలే ఇచ్చారు, రోజుకి మూడు, బయట కొంటే వేలల్లో అయ్యేది, మధ్యలో రెండు రోజులు మాత్రం స్టాక్ లేదని బయట రాశారు. ఇన్సులిన్ మొత్తం ఫ్రీ. చీములో ఏ క్రిమి ఉందో చూసే కల్చర్ రిపోర్టు నాలుగో రోజు వచ్చింది, దాన్ని బట్టి మందు మార్చారు, ఆ మార్చిన దగ్గర్నుంచే పుండు తిరిగింది.

22 రోజులకి మొత్తం మాకు అయిన ఖర్చు 11 వేల చిల్లర, అందులో సగం ఆటోలూ బస్సులే. పేషెంటుకి పొద్దున్న పాలు, బ్రెడ్డు, మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, గుడ్డు, మజ్జిగ ఇస్తారు, తినేలా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ళకి కూడా అదే తెల్లన్నం పెట్టేస్తారు, అది మార్చాలి, మేం ఇంటి నుంచి జొన్న రొట్టె తెచ్చేవాళ్ళం. నేను మాత్రం ఎక్కువ రోజులు ఆసుపత్రి ఎదురుగా అన్న క్యాంటీన్లోనే తిన్నాను, 5 రూపాయలు, వేడిగా ఉంటుంది, ఆ లైన్లో పేషెంట్ల తాలూకు వాళ్ళే సగం మంది.

దీపావళి 20న వచ్చింది. ఆ రాత్రి టపాకాయలకి చేతులు కాలిన పిల్లల్ని తెస్తూనే ఉన్నారు, క్యాజువాలిటీ నిండి వార్డు వరండాలో కూడా బల్లలు వేశారు. తర్వాత వారం మొంథా తుఫాను. తుఫానుకి ముందే కాన్పు దగ్గరపడ్డ ఆడవాళ్ళని లంక ఊళ్ళ నుంచీ తీరం ఊళ్ళ నుంచీ ఆసుపత్రులకి తరలించారు, చాలా మంచి పని, కానీ వాళ్ళ కోసం పక్క వార్డు ఖాళీ చేసి అక్కడున్న పేషెంట్లని మా వార్డులో సర్దారు, నేల మీద నడవడానికి దారి లేకుండా పోయింది. 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. కరెంటు పోయి జనరేటర్ వచ్చేలోపు చీకటి, కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి, నీళ్ళు లోపలికి కొడుతున్నాయి, అందరం మంచాలు గోడకి దూరంగా లాగాం. రాత్రి డ్యూటీకి రావాల్సిన సిస్టర్ దారిలో చెట్లు పడి రాలేకపోయింది. మధ్యాహ్నం రెండింటికి ఎక్కిన సిస్టరే తెల్లారేదాకా ఉంది. ఆవిడకి ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది, ఫోన్ సిగ్నల్ లేదు, పాప ఎలా ఉందో తెలియదు. నేను ఫోన్ లైటు పట్టుకుంటే ఆవిడ వరసగా అందరికీ ఇన్సులిన్లు వేసుకుంటూ వచ్చింది, ఒక్కో చీటీ చూసుకుంటూ, ఎన్ని యూనిట్లో పైకి చదువుకుంటూ. పొద్దున్న ఎనిమిది తర్వాత ఎవరో స్కూటీ మీద దిగబెడితే ఇంటికెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ డ్యూటీలో ఉంది. ఆవిడ పేరు ఇక్కడ రాయాలని చాలా ఉంది, రాయకూడదు కాబట్టి ఆగుతున్నాను.

డబ్బు సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే డిశ్చార్జి అయ్యాక ఇంట్లో కూర్చుని ఈ లెక్కలు వెతికి చదివాను. జాతీయ ఆరోగ్య లెక్కల్లో, మొత్తం వైద్యం ఖర్చులో జనం జేబుల్లోంచి పెట్టింది 2013-14లో 64.2 శాతం ఉంటే 2021-22కి 39.4 శాతానికి తగ్గిందని ఉంది. తగ్గడం మంచిదే, సంతోషమే. మా అరెకరం కూడా ఆ 2021-22లోనే ఉంది, ఆ 39.4 లోపలే ఎక్కడో. ప్రభుత్వాలు అన్నీ కలిపి ఆరోగ్యం మీద పెట్టింది అదే ఏడాది జీడీపీలో 1.84 శాతం. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో 2025 కల్లా 2.5 శాతానికి తెస్తామని రాసుకున్నారు. మేం ఆ వార్డులో ఉన్నది ఆ 2025లోనే. ఈ రెండు అంకెల మధ్య తేడా కాగితం మీద చిన్నగా కనపడుతుంది, వార్డులో అది రాత్రి డ్యూటీకి రావాల్సిన మూడో నర్సు, నాలుగో నర్సు, రెండో రేడియాలజిస్టు, ఇంకో కడిగే ఆవిడ. కొత్త బిల్డింగులకి శంకుస్థాపనలు చేసేవాళ్ళు ముందు పోస్టులు నింపాలి. అక్కడున్నవాళ్ళకి పని రాక కాదు, ఉన్నవాళ్ళు అద్భుతంగా చేస్తున్నారు, నలుగురి పని ఒకరు చేస్తే ఎన్నేళ్ళు చేస్తారు? ఆ హౌస్ సర్జన్ అబ్బాయిని పీజీ అయ్యాక ఇక్కడే ఉంటావా బాబూ అని అడిగితే తల దించుకున్నాడు, జవాబు చెప్పలేదు.

అయినా వెళ్ళొచ్చా అని అడిగితే, వెళ్ళండి. షుగర్ పుండు, విరిగిన ఎముక, కాన్పు, పెద్ద ఆపరేషన్, ఏదైనా ఆస్తులు అమ్ముకునే ముందు ఒకసారి వెళ్ళి చూడండి. పొద్దున్న ఏడులోపు చేరుకోండి, ఆభా నంబరు ఇంటి దగ్గరే చేసుకుని వెళ్ళండి, ఆధార్, రేషన్ కార్డు రెండేసి జిరాక్సులు పెట్టుకోండి, అడ్మిట్ అయిన రోజే ఆరోగ్యమిత్ర (ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు పని చూసే మనిషి) దగ్గరికి వెళ్ళి కేసు ఎక్కించుకోండి, వాళ్ళ కౌంటర్ మెయిన్ గేటు పక్కనే ఉంటుంది. ఇద్దరు మనుషులు ఉండేలా చూసుకోండి, ఒక్కరైతే మీరూ పడిపోతారు. దోమతెర, బకెట్టు, మగ్గు, ఫినాయిలు, టార్చి లైటు. అన్నిటికంటే ముందు, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే ఇవాళ రాత్రి వాళ్ళ అరికాళ్ళు, వేళ్ళ సందులు లైటు వేసి మీరు చూడండి, వాళ్ళకి నొప్పి తెలియదు, మా నాన్నకి తెలియలేదు.

నా మార్కులు: డాక్టర్లకి 5కి 4.5, రెండు నిమిషాలు ఎక్కువ మాట్లాడే తీరిక వాళ్ళకి ఉంటే 5 ఇచ్చేదాన్ని. నర్సులకి 5కి 5, విసుగు కలిపి లెక్కేసినా. మందులకి 4. స్కాన్లకి 2. బాత్రూములకి 1. ఎన్ని మంచాలున్నాయో అంతమందిని చూసుకోవడానికి సరిపడా మనుషులున్నారా అంటే దానికి సున్నా, ఆ సున్నా ఆసుపత్రికి కాదు, పోస్టులు మంజూరు చేయాల్సిన వాళ్ళకి.

నవంబర్ 4న డిశ్చార్జి చేశారు. పుండు ఇప్పుడు రూపాయి బిళ్ళంత ఉంది, ఎర్రగా ఉంది. ఎంసీఆర్ చెప్పులు (షుగర్ కాళ్ళకి వాడే మెత్తటి రబ్బరు చెప్పులు) రాసిచ్చారు, నాన్న వాటితో వాకిలి దాకా నడుస్తున్నాడు. గురువారం మా యూనిట్, ఆరుంపావు బస్సుకి బయల్దేరాలి, ఆ సిస్టర్ గారి పాపకి అమ్మ సున్నుండలు చుట్టి డబ్బాలో పెట్టింది.